అమీనా మాబు సాబ్ పలికిన మాట

పొద్దున్నే స్టవ్ మీద మైదాపిండి బంక ఉడుకుతుంటే మా ఆయన ముక్కు మూసుకుని వీధిలోకి వెళ్ళిపోతాడు. "మళ్ళీ మొదలుపెట్టినావా తల్లీ!" అంటాడు. నాకు మాత్రం ఆ పచ్చిపిండి వాసన తగిలితే మాబు సాబ్ వచ్చి గుమ్మంలో నిలబడినట్టే ఉంటుంది. నేను కోర్టు నోటీసులు అందజేసే ఉద్యోగిని. ఇప్పుడు ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊళ్ళు నా వంతు. మనిషి దొరక్కపోతే కాగితం తలుపుకు అంటించి రావాలి. ఈ పక్క తలుపులన్నీ సిమెంటు దుమ్ము పట్టి ఉంటాయి. ముందు తడిగుడ్డతో తుడిచి, గోరువెచ్చటి బంక రాస్తేనే కాగితం నిలుస్తుంది. కొన్న గమ్ము అయితే మధ్యాహ్నానికల్లా ఊడి కింద పడుతుంది. ఇవన్నీ మాబు సాబ్ నేర్పినవే. ఆయన గురించి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నా నా మనసు ఒకే ఒక సాయంత్రం దగ్గరికి పోయి ఆగుతుంది.

మాబు సాబ్ ఆదోని కోర్టులో అమీనా. అంటే జడ్జి గారు రాసిన తీర్పును ఓడినవాడి గడప దాకా మోసుకెళ్ళి, డబ్బు వసూలు చేసేవాడు, ఇవ్వకపోతే సామాను జప్తు చేసేవాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. తలమీద తెల్ల టోపీ, చంకలో గుడ్డసంచి, కాళ్ళకు టైరు చెప్పులు. ఆయనను చూస్తే ఊళ్ళో వాళ్ళు చెంబు దగ్గర్నుంచి దాచుకునేవారని చెప్పుకుంటారు గానీ, ఆయనంత మెత్తగా మాట్లాడే మనిషిని నేను ఆ కోర్టులో చూడలేదు. పెళ్ళాం బిడ్డలు లేరు. కోర్టు వెనక ఒక్క గది, ఒక కిరసనాయిలు స్టవ్, అంతే ఆయన సంసారం.

ఆయనతో నాకు పని పడింది మా నాయన గెలిచిన దావా వల్ల. నాయనకు ఆదోనిలో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉండేది. కోసిగి అవతల ఒక ఊరి నుంచి ఉరుకుందప్ప అనే రైతు వచ్చి, రెండేళ్ళు పత్తి విత్తనాలు, మందులు అప్పుకు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడు. వానలు ఎగ్గొట్టాయి, పంట పోయింది, అప్పు నిలిచిపోయింది. నాయన కోర్టుకెక్కాడు. ముప్పయ్యెనిమిది వేలకు డిక్రీ వచ్చింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. డిక్రీ కాగితం చేతికి వచ్చిన మూడు నెలలకే నాయన గుండె ఆగిపోయింది. కర్నూలు పెద్దాసుపత్రి ఖర్చులకు చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. అంగడి బాడుగ ఎనిమిది నెలలది బాకీ పడితే, ఓనరు వచ్చి మా తాళం మీద తన తాళం వేసుకుని పోయాడు. నెలాఖరులోగా కనీసం పదివేలు కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఆ అంగడి పోతే అమ్మకూ నాకూ కూడు లేదు. డిగ్రీ చదివి ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను అప్పుడు. వచ్చేది బియ్యానికే చాలదు. కాబట్టి ఉరుకుందప్ప మెడలు వంచి అయినా సరే ఆ డబ్బు రాబట్టాలని పంతం పట్టాను.

వకీలు గారు అమలు పిటిషన్ వేసి, జప్తు వారంటు తెప్పించారు. మాబు సాబ్ ఒకసారి తానొక్కడే వెళ్ళి, ఇంటికి తాళం ఉందని చెప్పాడు. "ఊరంతా సుగ్గికి పోయింది పాపా. గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి. ఉగాదికి గానీ రారు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "రారు రారు అంటే ఎట్లా చిచ్చా? మీరు సరిగ్గా చూసినారా?" అన్నాను. ఆయన కాసేపు టోపీ సర్దుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చూసినా. మూడుసార్లు పిలిచినా. తాళం ఏసిండారు. కానీ లోపల ఎవురో దగ్గినట్టుండె పాపా. నా భ్రమేమో," అన్నాడు.

అంతే, నాకు పట్టు దొరికింది. బాకీ పడినవాళ్ళు చేసే పనే అది. లోపల తాము కూర్చుని, బయట ఎవరిచేతనో తాళం వేయించుకుంటారు. ఈసారి నేనూ వస్తానని పట్టుబట్టాను. మాబు సాబ్ వద్దనలేదు. పోయేముందు కోర్టు వరండాలో కూర్చోబెట్టి, ఏవేవి తాకకూడదో చెప్పాడు. ఒంటిమీది బట్టలు, వంట గిన్నెలు, పడుకునే మంచం, సేద్యం ఎద్దులు, నాగలి, ఆడమనిషి తాళి. "ఇంగొకటి. పొద్దు మునిగినాక ఎవురింట్లోకీ పోగూడదు. చట్టమే అట్ల ఉండాది," అన్నాడు. "అవన్నీ వదిలేస్తే ఇంకేముంటుంది చిచ్చా తీసుకునేదానికి?" అని గయ్యిమన్నాను. నవ్వి, "శానా ఇండ్లల్లో ఏమీ ఉండదు. అది రాసుకుని వస్తా. ముప్పయ్యేండ్లుగా కాగితం మింద ఒక్క అబద్ధం రాయలేదు," అన్నాడు.

ఆదోనిలో రైలెక్కి కోసిగిలో దిగాం. అక్కడ ఆటో దొరకడానికి రెండు గంటలు పట్టింది; ఊళ్ళో మనుషులే లేనప్పుడు ఆ దారికి ఆటో ఎవడు తెస్తాడు? చివరికి ఒకాయన డబుల్ బాడుగకు ఒప్పుకుని, ఊరి మొదట్లో దించి, తాను కాలువ గట్టు మీద ఉంటానన్నాడు. అప్పటికి పొద్దు వాలుతోంది. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. వీధికి ఇటూ అటూ మట్టిమిద్దెలు, ప్రతి తలుపుకూ తాళం, తాళానికి అడ్డంగా కంపచెట్టు కొమ్మలు. కుక్క మొరగలేదు, కోడి అరవలేదు, ఒక్క పొయ్యిలోంచీ పొగ లేదు. ఒక ఇంటి ముందు చిన్నపిల్లల చెప్పులు ఒక జత, వరసగా పెట్టి ఉన్నాయి. నా అడుగుల చప్పుడు నాకే ఎవరో వెనక వస్తున్నట్టు వినపడుతుంటే రెండుసార్లు తిరిగి చూశాను.

అప్పుడు పక్క వీధిలోంచి ఒక ఆడగొంతు వినపడింది. "లచ్చుమన్నా! ఓ లచ్చుమన్నా!" వెంటనే బొంగురు మగ గొంతు, "ఆ, ఉండా!" మళ్ళీ ఆడగొంతు, "నరసమ్మా! ఓ నరసమ్మా!" సన్నటి గొంతు, "ఉండానక్కా, ఉండా!" పిలుపు, జవాబు, పిలుపు, జవాబు, మా వైపే వస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడండి చిచ్చా, ఊరంతా ఇక్కడే ఉంది! మనల్ని చూసి దాక్కున్నారు," అని మలుపు దాకా పరిగెత్తాను. తొంగి చూసి అక్కడే బిగుసుకుపోయాను. వీధిలో ఉన్నది ఒక్క ముసలామె. నడుముకు తాళంచెవుల గుత్తి. తాళం వేసిన తలుపు ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తోంది. తర్వాత తలుపుకు వీపు తిప్పి, గొంతు మార్చి తనే పలుకుతోంది.

నన్ను చూసి ఆమె బెదరలేదు. పేరు బజారమ్మ. ఆ వీధి వాళ్ళందరూ తాళాలు ఆమెకిచ్చి పోయారట. ఏం చేస్తున్నావవ్వా అంటే నా అమాయకత్వానికి నవ్వింది. "మనిషి గొంతు యినపడకుంటే ఇల్లు మనిషిని మర్సిపోతాదమ్మా. అందుకే పొద్దు మునిగే లోపల ఒగసారి అందర్నీ పిలుస్తా. పిలిస్తే పలకాల గదా. ఎవురూ పలకకుంటే, సచ్చిపోయినోళ్ళు పలుకుతారు," అంది. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది ఆ మాట.

ఇంతలో వెనక వీధిలోంచి మాబు సాబ్ గొంతు వినపడింది. ఆయన నా వెంట రాలేదు. పొద్దు చూసుకుని తిన్నగా ఉరుకుందప్ప ఇంటికి వెళ్ళిపోయాడు. కోర్టువాళ్ళ పిలుపు అది, తండ్రి పేరుతో సహా. "ఈరన్న కొడుకు ఉరుకుందప్పా! కోర్టు నుంచి వచ్చినాము!" ఒకసారి. రెండుసార్లు. బజారమ్మ "పిలవొద్దప్పో!" అని చెయ్యెత్తుకుని పరుగందుకుంది. తాళంచెవులు గలగలమంటూ ఆమె, వెనక నేను. మేము చేరేలోపల మూడో పిలుపు కూడా అయిపోయింది.

ఆమె మాబు సాబ్ చెయ్యి పట్టి లాగి గుసగుసగా చెప్పింది. ఉరుకుందప్ప చచ్చిపోయి రెండు నెలలైందట. బెంగళూరులో కట్టడం పనిలో మూడో అంతస్తు నుంచి పడ్డాడట. శవాన్ని తెచ్చే దిక్కు లేక పెళ్ళాం అక్కడే మట్టి చేసి, వచ్చి, మళ్ళీ సుగ్గికి పోయింది. కళ్ళు కనపడని అత్త మంచంలో ఉంది, లోపల. పందులు, కుక్కలు దూరకుండా బయట తాళం. బజారమ్మ రెండు పూటలా తీసి గంజి పోస్తుంది. "కొడుకు పోయినాడని ఆయమ్మకు చెప్పలేదప్పా. దినమూ మాపున నేనే మగ గొంతు పెట్టి, వచ్చినానమ్మా అంటా. అప్పుడు కన్ను మూస్తాది."

నేను నమ్మలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. బాకీ ఎగ్గొట్టడానికి చచ్చిపోయామని చెప్పించిన వాళ్ళను మా నాయన ఇద్దరిని చూశాడు. అంగడి తలుపు మీది రెండో తాళం కళ్ళ ముందు ఆడింది. తలుపు దగ్గరికి పోయి గట్టిగా చరిచి, "ఉరుకుందప్పా! నాటకాలు చాలు, బయటికి రా!" అని అరిచాను.

ఊరంతా ఆ మాట తిరిగి వినపడింది. తర్వాత లోపలి నుంచి, చీకట్లోంచి, ఎండిన గొంతు ఒకటి లేచింది. "ఉరుకుందూ... నిన్నే పిలుస్తాండారు రా. పలకవేమిరా? పలుకు నాయనా!"

బజారమ్మ నోరు తెరిచింది గానీ పరుగెత్తిన ఆయాసానికి గొంతు రాలేదు. లోపలి గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి వణుకుతూ. "ఎవురైనా పలకండి రా!" ఆ తలుపు అవతల ఇంకేదో ఊపిరి బిగబట్టుకుని, పలకడానికి సిద్ధమవుతున్నట్టు అనిపించింది. అప్పుడు మాబు సాబ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, తలుపు వైపు వంగి, "ఆ, వచ్చినానమ్మా. ఈడనే ఉండా," అన్నాడు.

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "వచ్చినావా నాయనా. వాళ్ళెవురు?" అంది. "అప్పులోళ్ళమ్మా," అన్నాడాయన. "లోపలికి రమ్మను." బజారమ్మ తాళం తీసింది. తలుపు సందులోంచి పడిన ఎర్రటి ఎండలో కుక్కిమంచం, దాని మీద పిడికెడు మనిషి, తెల్లబడిన కళ్ళు. జప్తు చేయడానికి ఆ ఇంట్లో గంజి ముంత, ఒక చాట, గోడకు తగిలించిన పాత చొక్కా ఉన్నాయి. ఆమె చెయ్యి చాచింది. మాబు సాబ్ చెయ్యి అందిస్తే పట్టుకుని, వేళ్ళు, మణికట్టు నెమ్మదిగా తడిమింది. "శానా చిక్కిపోయినావు నాయనా," అంది. ఆ చెయ్యి వదలకుండానే, "నా తల కింద మూట ఉండాది. తీసి వాళ్ళకియ్యి," అంది.

బజారమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. "అవి నీ మట్టికని దాసిపెట్టుకున్న దుడ్లు గదక్కా!"

"ముందు వాని అప్పు తీరనీ. నా మట్టి యాడికి పోతాది."

పదకొండు వేల చిల్లర ఉంది మూటలో. మాబు సాబ్ నా వైపు చూశాడు. "పొద్దు మునుగుతాది పాపా. మునిగితే నేను లోపల ఉండగూడదు. తీసుకుంటావా, లేదా? చెప్పు," అన్నాడు. తీసుకోమని అనలేదు, వద్దనీ అనలేదు. తీసుకోకపోతే ఎందుకని ఆమె అడుగుతుంది, అడిగితే ఏం చెప్పాలి? అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నాకు ఆ డబ్బు కావాలి. తీసుకున్నాను. ఆమె తెల్లకళ్ళు నా వైపు తిప్పి ఒకటే అడిగింది. "ఇంగ వాన్ని పిలవరు గదా తల్లీ?" "పిలవం అవ్వా," అన్నాను.

తిరుగు దారిలో కోసిగి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. చివరికి ఉండబట్టలేక, "ముప్పయ్యేళ్ళు అబద్ధం లేదన్నారు కదా చిచ్చా," అన్నాను. "రాయలేదని అన్నా. ఇప్పుడు కూడా రాయను," అని, మోకాలి మీద వారంటు పెట్టుకుని, ఋణి మరణించినాడు, అతని తల్లి పదకొండు వేలు చెల్లించినది, జప్తు చేయదగిన వస్తువులు లేవు అని రాశాడు. "పలికినా, అంతే." మర్నాడు ఓనరుకు పదివేలు కట్టాను. రెండో తాళం ఊడింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. వకీలు గారు ఉరుకుందప్ప భార్యను వారసురాలిగా చేర్చి మిగతాది రాబడదామన్నారు. నేను మాబు సాబ్ దగ్గరికి పోయాను. ఆయన బంక కలుపుతూ తల ఎత్తకుండానే, "ఇంగ పిలవము అని మాటిచ్చింది ఎవురు? నేనా, నువ్వా?" అన్నాడు. మిగతాది వదిలేస్తానని అమ్మతో చెబితే తిడుతుందనుకున్నాను. అంతా విని, "పోయి సంతకం పెట్టిరాపో," అంది. మొత్తం చెల్లిపోయిందని కోర్టులో కాగితం దాఖలు చేశాను.

నెల తిరక్కముందే ముసలామె పోయింది. ఆ సంగతి మాబు సాబ్ నాకు పది రోజుల తర్వాత చెప్పాడు. బజారమ్మ కోసిగి దాకా నడిచొచ్చి ఫోన్ చేయించిందట. ఈయన జీతం డబ్బులతో పోయి, మట్టి చేయించి వచ్చాడట. నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఆ డబ్బు తీసుకున్నది నేను! నాకెందుకు చెప్పలేదు?" అని కోర్టు వరండాలోనే అరిచాను. "చెప్తే తెచ్చిచ్చేదానివి. అంగడికి మళ్ళా తాళం పడేది. అయినా ఒగసారి కొడుకునని పలికినాక, పిడికెడు మన్ను ఏసేది ఎవురిది పాపా? నాదే గదా," అన్నాడు.

మరుసటి ఏడాది ఆయనే దరఖాస్తు తెచ్చి నాచేత నింపించాడు, నాకు ఈ ఉద్యోగం వచ్చింది. మొదటి జీతాలు కూడబెట్టి పదకొండు వేలు ఆయన ముందు పెడితే తాకలేదు. "నాకెందుకు? ఆయమ్మ కోడలికియ్యి," అన్నాడు. ఉగాది తర్వాత, సుగ్గికి పోయినవాళ్ళు తిరిగొచ్చాక ఆ ఊరికి పోయాను. వీధి నిండా పిల్లలు, మేకలు, పొయ్యి పొగ. అదే ఊరని నమ్మడానికి కాసేపు పట్టింది. ఉరుకుందప్ప భార్య డబ్బు తీసుకుని చెంగున కట్టుకుంది. ఆమెతో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాను, మీ అత్తకు మేము అబద్ధం చెప్పాం, కొడుకు పోయిన సంగతి తెలియకుండానే ఆమె పోయింది అని.

ఆమె నన్ను వింతగా చూసింది. "మా అత్తకు తెల్సక్కా. బెంగళూరు నుంచి వచ్చిన దినమే నేనే చెప్పినా."

మరి రోజూ బజారమ్మ పలికితే నిద్రపోయేది కదా అన్నాను.

"బజారమ్మ పాపం, నా కోసరం అంత కష్టపడి మగ గొంతు పెడతాది, తెల్సునంటే నొచ్చుకుంటాది, పలకనీలే అనె మా అత్త. ఆ యేడు పండక్కి నేను ఒగ దినం వచ్చినప్పుడు మీ సంగతి కూడా మా అత్తే చెప్పింది. మూడుసార్లు పిలిచినారంట గదా, ఎవురూ పలకలేదంట. యాడ వాడే పలుకుతాడో అని గుండె జారిపోయిందంట. అప్పున్నంత కాలం వాని పేరు ఎవురో ఒగరు పిలుస్తానే ఉంటారు, చచ్చినోన్ని అట్ల పిలిస్తే పోలేడే, అందుకే ఇచ్చేస్తిని అనె."

ఆదోనికి వచ్చి తిన్నగా మాబు సాబ్ గదికి వెళ్ళాను. స్టవ్ ముందు కూర్చుని ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముసలామె తడిమిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "అంటే, పలికింది కొడుకు కాదని తెల్సునా ఆయమ్మకు?" అన్నాడు. "తెలుసట చిచ్చా." "తెల్సే నన్ను నాయనా అనిందా?" అన్నాడు. అని, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయన పోయి ఏళ్ళయింది. ఇప్పుడు రోజుకు పది గడపల ముందు నిలబడి మనుషుల్ని పేరు పెట్టి పిలవడమే నా బతుకు. సాయంత్రం పూట తాళం వేసిన తలుపు ఎదురైతే ఈనాటికీ నేరుగా పిలవను. ముందు పక్కింటికి వెళ్తాను. మనిషి ఉన్నాడా అని అడుగుతాను. లేడని చెబితే, చచ్చిపోయాడని చెబితే, నా కాగితం మీద ఆ మాట రాసుకుని, ఆ పేరు పైకి అనకుండా వచ్చేస్తాను.